మా అమ్మకి మళ్ళీ నిద్ర పట్టేలా చేసిన పిన్నికి బోలెడు థాంక్సులు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, ఇటు పాతపట్నం మనోళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. మా వీధి చివర పిన్నికి థాంక్స్ చెప్పడానికే ఈ పోస్టు, పేరు పెడితే ఊరుకోనన్నారు కాబట్టి పిన్ని అనే రాస్తా.

నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మకి నిద్ర లేదు. అర్ధరాత్రి లేచి వంటింట్లో లైటేసుకుని కూర్చునేది, గుండె బరువుగా ఉందనేది. ఈసీజీ తీయించాం, థైరాయిడ్ చూపించాం, అన్నీ బానే ఉన్నాయన్నారు, బీపీ మాత్ర మార్చారు అంతే. ఇంక చుట్టాలు మొదలెట్టారు, దిష్టి అని ఒకరు, ఆరా, అంటే ఒంటి చుట్టూ ఉంటుందనే కనపడని వెలుగు, పాడైపోయిందని ఇంకొకరు. ఒక సెంటర్ వాళ్ళయితే మెషీన్ మీద చెయ్యి పెట్టించి రంగురంగుల ఫోటో తీసి, ఇదిగో ఈ మట్టిరంగు మరక ఉంది చూశారా, అంతా దీనివల్లే, పేకేజీ తీసుకోండి అన్నారు. ఆ ఫోటో ఇంటికి తెచ్చుకుని అమ్మ ఇంకా బెంగపడిపోయింది.

పిన్ని రిటైరైన సైన్స్ టీచరు, ఫిలిప్పీన్స్ చోవా కోక్ సూయి గారి పద్ధతిలో ప్రాణిక్ హీలింగ్, అంటే మనిషిని తాకకుండా చేతులతో ప్రాణశక్తిని శుభ్రం చేస్తామనే పద్ధతి, నేర్చుకున్నారు. ఫోటో చూసి నవ్వేసి, "అప్పా, ఇదేటి, దీనికి భయపడ్డావా" అన్నారు. 1939లో సోవియట్ రష్యాలో కిర్లియన్ అనే ఆయన కరెంటు ప్లేటు మీద వేలు పెట్టి ఫోటో తీస్తే చుట్టూ వెలుగు పడిందంట, అది చేతి తడిని బట్టి, నొక్కినదాన్ని బట్టి మారిపోద్ది. ఇప్పటి మెషీన్లు అదీ కాదు, అరచేతి దగ్గర రీడింగ్ తీసుకుంటే రంగులు వేసేది కంప్యూటరే అని చెప్పారు.

మరి మీరు చేసేది నిజమేనా పిన్నీ అని మొహమ్మీదే అడిగేశాను. అస్సలు కోపం రాలేదు. అమెరికాలో ఎమిలీ రోసా అని చిన్నపిల్ల, స్కూల్ ప్రాజెక్టు కోసం అట్ట అడ్డం పెట్టి, నా చెయ్యి మీ ఏ చేతికి దగ్గరగా ఉందో చెప్పండి అని ఎదుటి మనిషి శక్తి మా చేతులకి తెలుస్తుందనే 21 మంది హీలర్లని అడిగితే 44 శాతమే కరెక్టుగా చెప్పారంట, కళ్ళు మూసుకుని చెప్పినా సగం తగలాలి కదా, 1998లో అది పెద్ద మెడికల్ జర్నల్లో వచ్చింది. "నాకు నమ్మకం ఉంది, రుజువు లేదు. మాత్రలు మానేస్తే మాత్రం నేను మీ గుమ్మం ఎక్కను" అన్నారు. నాకు ఆవిడ మీద గురి కుదిరింది అక్కడే.

రోజూ దీపాలు పెట్టే వేళకి వచ్చేవారు. స్టీలు గిన్నెలో నీళ్ళు, అందులో గుప్పెడు కళ్ళుప్పు. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, ఒంటికి తగలకుండా జానెడు దూరంలో నెత్తి నుంచి పాదాల దాకా చేతులు దువ్వినట్టు దింపి, గిన్నె మీద విదిలించేవారు. ఊపిరి నెమ్మదిగా తీసి ఇంకా నెమ్మదిగా వదలమనేవారు. అమ్మ ప్రవచనాల్లో ప్రాణమయ కోశం, అదే ఒంట్లో ప్రాణశక్తి పొర, గురించి విన్న మనిషే కదా, ఇవేమీ కొత్తగా అనిపించలేదు. అయ్యాక ఆ ఉప్పునీళ్ళు బాత్రూంలో పారబోసి కాళ్ళు కడుక్కుని కూర్చునేవారు, అప్పుడు మొదలయ్యేది అసలు సంగతి, అమ్మ నాన్న గురించి మాట్లాడేది, ఏడ్చేది, పిన్ని వినేవారు. మేమందరం ఏడవకమ్మా ఏడవకమ్మా అంటూ నోరు నొక్కేశాం గానీ ఇలాగ ఎవరం కూర్చోలేదు.

ఆరా శుభ్రమైందో మనసే శుభ్రమైందో నేను తేల్చలేను, నాకైతే ఆ ఊపిరీ, ఆ కూర్చోవడమే పనిచేశాయనిపిస్తాది, అమ్మ మాత్రం ఒప్పుకోదు, ఉప్పు మహిమే అంటాది. ఏదైతేనేం, ఇప్పుడు పదింటికల్లా గురక.

డబ్బులిస్తే చెయ్యి వెనక్కి తీసుకున్నారు, చీర పెడితే మళ్ళీ అమ్మకే పెట్టేశారు. బీపీ మాత్ర మార్చి, ఓపిగ్గా విన్న డాక్టరు గారికీ, చీకట్లో పిన్నిని రోజూ ఇంటి దగ్గర దింపిన పక్కింటి ఆటో తమ్ముడికీ కూడా దండాలు. పిన్నీ, ఒడియా వాళ్ళ రజో పండక్కి అమ్మ పొడొ పిఠా, అదే ఆ పండక్కి చేసే కాల్చిన పిండివంట, చేసి పంపిస్తానంటోంది, ఇదైనా వెనక్కి పంపకండి.