పంటి ఎక్స్‌రే పారేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఘోర ప్రమాదం జరిగి మృతదేహాలు గుర్తుపట్టలేని స్థితిలో ఉన్నాయని వార్త వచ్చినప్పుడల్లా చివర్లో ‘డీఎన్‌ఏ ఫలితాలు రావాల్సి ఉంది’ అని రాస్తారు. పళ్ల ప్రస్తావన దాదాపు ఉండదు. ఇంటర్‌పోల్ మార్గదర్శకాల ప్రకారం వేలిముద్రలు, డీఎన్‌ఏతో సమానంగా దంతాలు కూడా మనిషిని గుర్తించడానికి ప్రధాన ఆధారమే. పళ్ల డాక్టరుగా ఈ సంగతి చూసినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

ఒకసారి పోలీసులు నా క్లినిక్‌కి వచ్చారు. కాలిపోయిన కారులో దొరికిన వ్యక్తి మా పేషెంటు కావచ్చని, ఆయన భార్య మా క్లినిక్ పేరు చెప్పారని, పాత రికార్డు ఏమైనా ఉందా అని అడిగారు. ఉంది. కింది దవడలో ఎడమవైపు దవడ పంటికి రూట్ కెనాల్ చేసినప్పటి ఎక్స్‌రే అది. మార్చురీలో తీసిన ఎక్స్‌రేని దాని పక్కన పెట్టుకుని చూశాను. వెనక వేరు కొస కొద్దిగా వంగి ఉంది. లోపలి ఫిల్లింగ్ ఆ వంపు దగ్గర సన్నబడి, కొసకి కాస్త ముందే ఆగిపోయింది. రెండింటిలోనూ అదే వంపు, సరిగ్గా అక్కడే ఆగడం. దాని పక్క పన్ను లేదు. అది నేను తీసిందే, చార్టులో తేదీతో సహా ఉంది. నాకిక అనుమానం మిగల్లేదు. ఆమెకి భర్త దేహం దక్కింది.

ఎన్ని పోలికలు కలిస్తే చాలు అని అడుగుతుంటారు. దానికి ఇన్ని అని లెక్కేమీ లేదు. అరుదైన పోలిక ఒక్కటున్నా సరిపోవచ్చు. అసలు జాగ్రత్తంతా తేడాల దగ్గరే. రికార్డులో లేని ఫిల్లింగ్ మృతదేహంలో కనిపిస్తే, తర్వాత ఇంకెక్కడో చేయించుకుని ఉంటారు అనుకోవచ్చు. కానీ పీకేశామని రాసిన శాశ్వత పన్ను (పాలపన్ను కాదు) చెక్కుచెదరకుండా కనిపిస్తే, ఆ మనిషి వేరే. చార్టు రాసినవాళ్లు కుడికి ఎడమ రాసి ఉంటే తప్ప! అందుకే చార్టు ఎంత శ్రద్ధగా రాస్తే అంత విలువ.

శరీరంలో అన్నిటికంటే గట్టిది పంటి మీది ఎనామిల్. దాదాపు 96 శాతం ఖనిజమే. పైగా దవడ పళ్లకి బుగ్గలు, నాలుక అడ్డుంటాయి కాబట్టి మంటల్లో ముందు పళ్లు పాడైనా అవి మిగులుతాయి. అయితే కాలిన పన్ను చాలా పెళుసు. స్ట్రెచర్ మీదికి ఎత్తేటప్పుడు ఒక్క కుదుపుకే పొడైపోవచ్చు. దేహాన్ని కదిలించక ముందే వాటిని ఫోటో తీసి, గట్టిపడే స్ప్రే కొట్టి, తలకి కవర్ కట్టాలి. సంఘటనా స్థలానికి ముందుగా చేరేవాళ్లకి ఈ ఒక్క పాఠం నేర్పినా ఎంతో మేలు.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1897లో పారిస్‌లో ఒక ఛారిటీ బజార్ తగలబడి 120 మందికి పైగా చనిపోయినప్పుడు, మృతుల్లో ఒకరైన రాజవంశీకురాలు అలాన్సాన్ డచెస్‌ని ఆమె పళ్ల డాక్టరే గుర్తుపట్టారు. 2004 సునామీ తర్వాత థాయ్‌లాండ్‌లో తొలి నెలల్లో గుర్తించిన విదేశీయుల్లో ఎక్కువమందిని పట్టిచ్చింది పళ్లే, ఎందుకంటే వాళ్ల దేశాల నుంచి దంత రికార్డులు వచ్చాయి. స్థానికుల్లో చాలామందికి అలాంటి రికార్డులు లేవు, వాళ్ల విషయంలో ఈ దారి అంతగా పనికిరాలేదు. నాకు బాధ కలిగించేది ఇదే. పళ్లు అందరికీ ఉన్నాయి, కాగితాలు కొందరికే ఉన్నాయి.

ఒంటి మీది పంటి గాట్లని బట్టి నేరస్థుణ్ణి తేల్చడం దీనికి పూర్తిగా వేరు. దాని శాస్త్రీయతపై అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 2009లోనే గట్టి సందేహాలు వెలిబుచ్చింది. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దని మనవి.

తోటి డాక్టర్లకి నా విన్నపం. వైద్యం చేసిన పన్ను ఒక్కటే రాసి వదిలేయకండి. జ్ఞాన దంతాలు, పళ్ల సందులు, వంకర పన్ను, పాత క్యాపులు, అన్నీ ఎక్కించండి. కట్టుడు పళ్ల సెట్టు తయారు చేయించేటప్పుడే అందులో పేషెంటు పేరు గానీ నంబరు గానీ పెట్టించండి. పెద్దగా ఖర్చయ్యే పని కాదు. పాఠకులు కూడా తమ ఎక్స్‌రేలని ఫోన్‌లో ఫోటో తీసి, ఇంట్లో ఇంకొకరికి పంపి ఉంచాలి.

ఏ రికార్డూ లేని వాళ్లకి, పళ్లు బాగా కనిపించే నవ్వు ఫోటో కూడా కొంత ఆధారమే. ముందు పళ్ల మధ్య సందు, విరిగిన మూల, ఒకదానిమీదికి ఒకటి ఎక్కిన పళ్లు అందులో తెలుస్తాయి. తప్పిపోయినవారి ప్రకటనలకి మీరు పాస్‌పోర్టు ఫోటోతో పాటు అలాంటి ఫోటో కూడా అడిగి వేయాలని కోరుతున్నాను.

– ఒక దంతవైద్యురాలు