గేటు మీద ఒక్క కాగితం అంటించండి, మంత్రిగారూ

గౌరవనీయులైన కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మిర్యాలగూడ బాయిల్డ్ రైస్ మిల్లులో 22 ఏళ్లు ఫిట్టర్‌గా పనిచేసినవాణ్ణి.

మా మిల్లులో తనిఖీ ఎలా జరిగేదో చెబుతాను. ఇన్‌స్పెక్టర్ సార్ వస్తున్నారని ముందురోజు సాయంత్రమే తెలిసిపోయేది. ఎలా తెలిసేదని నన్నడగకండి. తిరిగే బెల్టులో చెయ్యి పడకుండా అడ్డుండే బెల్టు గార్డులు స్టోర్ రూంలో దుమ్ముపట్టి ఉండేవి. వాటిని బయటికి తీసి, తెల్లారేలోగా నేనే బోల్టులు బిగించేవాణ్ణి. రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లకు ఆ పూట సెలవు. సార్ వచ్చి, చూసి, టీ తాగి, రాసుకుని వెళ్లేవారు. మర్నాడు గార్డులు మళ్లీ స్టోర్ రూంకే. అవి ఉంటే బెల్టు జారినప్పుడల్లా బోల్టులు విప్పుకుంటూ కూర్చోవాలి. సీజన్‌లో మిల్లు పది నిమిషాలు ఆగినా ఓనర్‌కు టెన్షనే.

అలా గార్డు తీసేసిన, ధాన్యం పైకెక్కించే ఎలివేటర్ బెల్టులోనే బీహార్ నుంచి వచ్చిన ఒక కుర్రాడి చెయ్యి పోయింది. ఆస్పత్రిలో మెట్ల మీంచి పడ్డాడని రాయించారు. చేతిలో కొంత డబ్బు పెట్టి రైలెక్కించారు. ఆ గార్డు విప్పింది నేనే.

అదే మిల్లులో బాయిలర్ సంగతి వేరు. సర్టిఫికెట్ గడువు దాటితే పొయ్యి వెలిగించడానికి ఓనరే జంకేవాడు. బెల్టు దగ్గర ఆ జంకు ఎందుకుంటుంది? తిరిగే యంత్రానికి గార్డు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. కానీ గార్డు లేనందుకు మనిషి చనిపోతే ఆ చట్టంలో కనీస జరిమానా 25 వేలే ఉండేది. ఒక లారీ బియ్యం విలువలో అది ఎన్నో వంతో మీకే తెలుసు.

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్ వచ్చింది. మనిషి చనిపోతే రెండేళ్ల దాకా జైలు, లేదా కనీసం 5 లక్షల జరిమానా, లేదా రెండూ. అందులో సగానికి తగ్గకుండా బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకుంది. మంచిదే. కానీ కరెంటుతో నడిచేచోట ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే ఇదివరకు 10 మంది కార్మికులు చాలు, ఇప్పుడు 20 మంది ఉండాలి. రిజిస్టర్‌లో తలలు తగ్గించడం మా వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. అయినా మెట్ల మీంచి పడ్డాడని రాసుకున్నాక జరిమానా ఎంతుంటే ఏం లాభం?

2025 ఫిబ్రవరిలో మా పక్క నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. జూన్‌లో సంగారెడ్డి జిల్లా పాశమైలారం ఫ్యాక్టరీలో పేలుడు 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. అవి దేశమంతా చూసింది. చెయ్యి పోయిన కుర్రాణ్ణి చూసింది మేం నలుగురమే.

నేనడిగేది చిన్న పని. ముందు చెప్పకుండా తనిఖీకి రండి. వచ్చిన తేదీ, కనబడిన లోపం, సరిచేయడానికి ఇచ్చిన గడువు, వేసిన జరిమానా, ఫిర్యాదుకు ఒక ఫోన్ నంబరు, ఇవన్నీ తెలుగులో, హిందీలో మిల్లు గేటు మీద అంటించండి. పరువు పోతుందని ఓనర్లు మీ దగ్గరికి వస్తారు. పోనివ్వండి.

మా గేటు పక్క గోడమీద కాంటా రేట్లు, లారీ డ్రైవర్లకు సూచనలు రాసుంటాయి. ఇంకో కాగితానికి చోటుంది. హిందీ అక్షరాలు మాత్రం పెద్దవిగా వేయించండి. నెత్తిన బస్తా ఉన్నవాడు అక్కడ ఎక్కువసేపు నిలబడలేడు.

ఇట్లు,
ఒక మాజీ మిల్లు ఫిట్టర్,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా