అమ్మానాన్నలతో ఎడిన్‌బరా: మన తెలుగు సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి ఉగాది నుంచి ఈ ఉగాది దాకా సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల లెక్కలు కోశాధికారి విడిగా పంపుతున్నారు కాబట్టి ఆ అంకెలు ఇక్కడ మళ్లీ రాయడం లేదు. వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ఎప్పటిలాగే బాగా జరిగాయి. వంటలు చేసి తెచ్చినవారికి, కుర్చీలు సర్దినవారికి, చివరిదాకా ఉండి హాలు ఊడ్చి తాళం వేసినవారికి కార్యవర్గం కృతజ్ఞతలు. ఈసారి ఎక్కువ చోటు మాత్రం కొత్తగా తలపెట్టిన ఒక పనికి ఇస్తున్నాను. అది, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు మనం ఉంటున్న ఈ ఊరిని తీరిగ్గా చూపించడం.

ఈ అవసరం ఎందుకొచ్చిందో మీలో చాలామందికి తెలుసు. అమ్మానాన్నలో అత్తమామలో కొన్ని నెలలు ఉండిపోదామని వస్తారు. మొదటి వారం కోట చూపిస్తాం, ప్రిన్సెస్ స్ట్రీట్‌లో ఫొటోలు దిగుతాం. ఆ తర్వాత మనం ఆఫీసుకు, పిల్లలు బడికి. పెద్దవాళ్లు మాత్రం హీటర్ పక్కన కూర్చుని సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూస్తుంటారు. బయటికి వెళ్దామంటే చలి, బస్సు ఎక్కాలంటే బెరుకు. కిందటి సర్వసభ్య సమావేశంలో ఈ మాట ఒకరు ఎత్తగానే మిగతావాళ్లంతా "మా ఇంట్లోనూ అంతే" అన్నారు. అందుకే ఈ ఏడాది నెలకో శనివారం, వీలైన నెలల్లో వారం మధ్యలో ఇంకో రోజు కూడా, పెద్దలతో కలిసి బయటికి వెళ్లాం. చోటు ఎంచేటప్పుడు మూడు విషయాలు చూసుకున్నాం: కూర్చోవడానికి బెంచీలు, దగ్గర్లో బాత్రూమ్, వాన వస్తే తలదాచుకునే నీడ. ఈ మూడూ ఉంటే ఎంత చరిత్రయినా ఓపిగ్గా చూస్తారు. ఇవి లేకపోతే ఎంత గొప్ప చోటైనా అరగంటలో "ఇంటికి పోదాం" అంటారు.

ఆ లెక్కన అందరికీ బాగా నచ్చింది చాంబర్స్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియం ఆఫ్ స్కాట్లాండ్. ప్రవేశం ఉచితం, లిఫ్టులున్నాయి, లోపల వెచ్చగా ఉంటుంది. 1996లో ఈ ఊరి పక్కనే రోస్లిన్‌లో పుట్టిన డాలీ గొర్రె అక్కడే అద్దాల పెట్టెలో ఉంది. ఎదిగిన జంతువు కణం నుంచి క్లోనింగ్‌తో పుట్టిన మొదటి క్షీరదం అది. పిల్లలు బడిలో చదివిన సంగతిని తాతయ్యకు వివరించే అవకాశం దొరికింది. అమ్మలు మాత్రం లూయిస్ చదరంగం పావుల దగ్గర ఆగిపోయారు. వాల్రస్ దంతంతో చెక్కిన ఈ పావులు 1831లో లూయిస్ దీవిలో బయటపడ్డాయి. ఎక్కువ భాగం లండన్‌లో ఉన్నాయి, 11 మాత్రం ఇక్కడున్నాయి. వాటిలో రాణి చెంపకు చెయ్యి ఆనించుకుని, కళ్లు పెద్దవి చేసుకుని కూర్చుని ఉంటుంది. ఒక అత్తయ్యగారు అద్దం దగ్గరికి వంగి చాలాసేపు చూసి, "ఏమిటే తల్లీ నీకంత దిగులు?" అన్నారు. మ్యూజియాన్ని ఒక్క రోజులో పూర్తి చేద్దామని ప్రయత్నించకండి. ఒకసారికి ఒక అంతస్తు చాలు. డబ్బు కట్టే పని లేదు కాబట్టి మళ్లీ వెళ్లొచ్చు.

కోట సంగతి వేరు. టికెట్ ఖరీదే. వేసవిలో ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోకపోతే దొరకడం కష్టం. లోపల రాళ్లు పరిచిన ఎత్తుదారి. మోకాళ్ల నొప్పులున్నవారిని పైదాకా తీసుకెళ్లే వాహనం గురించి గేటు దగ్గరే అడగండి. రద్దీలో రాజకిరీటం కోసం వరుసలో నిలబడేకన్నా, 12వ శతాబ్దపు సెయింట్ మార్గరెట్ చాపెల్ ముందు కాసేపు ఆగడం మేలని నా అభిప్రాయం. ఊళ్లో ఇప్పటికీ నిలిచి ఉన్న కట్టడాల్లో అదే పాతది. మన వీధి చివరి రామాలయమంత చిన్నది. పక్కనే మాన్స్ మెగ్ ఫిరంగి ఉంది. దాని గుండు ఒక్కొక్కటి దాదాపు 150 కిలోల బరువు.

కోట టికెట్ లేకపోయినా అందరికీ దక్కేది ఒంటిగంట ఫిరంగి. ఆదివారాలు, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ తప్ప రోజూ మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటకు పేలుతుంది. దీని వెనక కథ పెద్దలకు బాగా నచ్చింది. ఓడల గడియారాలు సరిచూసుకోవడానికి 1852లో కాల్టన్ కొండ మీద ఒక బంతిని ఏర్పాటు చేశారు. ఒంటిగంటకు అది స్తంభం మీంచి కిందికి జారుతుంది. కానీ సముద్రం నుంచి పొగమంచు కమ్మితే బంతి కనిపించదు కదా! అందుకే 1861లో ఫిరంగి మొదలుపెట్టారు. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది కాబట్టి, ఏ వీధికి ఎన్ని సెకన్లు ఆలస్యంగా వినిపిస్తుందో చూపించే మ్యాపు కూడా ఆ రోజుల్లోనే అచ్చువేశారు. మేం ప్రిన్సెస్ స్ట్రీట్ తోటలో బెంచీల మీద పులిహోర డబ్బాలు విప్పుకుని ఫిరంగి కోసం ఎదురుచూశాం. రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకరు ఫోన్‌లో సమయం చూస్తూ వెనక్కి లెక్కపెట్టారు. ఢామ్మనగానే పావురాలన్నీ ఒక్కసారి లేచాయి, పిల్లలు చెవులు మూసుకున్నారు. ఆ మాస్టారు మాత్రం పొగ కనబడ్డాక శబ్దం ఎంతసేపటికి వచ్చిందో కొలిచే పనిలో ఉన్నారు.

ఈ ఏడాది మేం చేసిన వాటిలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది రాక్స్‌బర్గ్ దారి పట్టుకుని నడవడం. విలియం రాక్స్‌బర్గ్ ఎడిన్‌బరాలో చదువుకున్న వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో మద్రాసు వచ్చి, 1780ల్లో సామర్లకోటలో మకాం పెట్టారు. అక్కడ తోట వేసి మిరియాలు, చెరకు లాంటి పంటల మీద ప్రయోగాలు చేశారు. చుట్టుపక్కల మొక్కలెన్నిటికో స్థానిక చిత్రకారులతో బొమ్మలు గీయించారు. ఆ బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. తన రచనల్లో మొక్కలకు తెలుగు పేర్లు కూడా నమోదు చేశారు. ఆ చిత్రకారుల పేర్లు మాత్రం మనకు మిగల్లేదు, అదొక్కటే బాధ.

ఆయనకు వృక్షశాస్త్రం నేర్పిన జాన్ హోప్ పాఠాలు చెప్పిన చిన్న ఇల్లు ఇప్పుడు ఇన్వర్లీత్‌లోని రాయల్ బొటానిక్ గార్డెన్‌లో ఉంది. 1760ల్లో లీత్ వాక్ దగ్గర కట్టిన ఆ ఇంటిని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ తిరిగి కట్టారు. 2016లో తెరిచారు. తోటకు టికెట్ లేదు, దారులు చదునుగా ఉంటాయి, వసంతంలో రోడోడెండ్రాన్లు విరగబూస్తాయి. గాజు ఇళ్ల మరమ్మతులు చాలాకాలంగా సాగుతున్నాయి కాబట్టి అవి తెరిచారో లేదో చూసుకుని బయల్దేరండి.

అక్కడి నుంచి బస్సులో గ్రేఫ్రయర్స్‌కు వెళ్లాం. యజమాని సమాధిని విడిచిపెట్టలేదని చెప్పుకునే బాబీ అనే కుక్క విగ్రహం కోసం అందరూ అక్కడికి వస్తారు. అదృష్టమని దాని ముక్కు రుద్దుతుంటారు. దయచేసి మన పిల్లలను రుద్దనివ్వకండి, లోహం అరిగిపోతోంది. 1815లో చనిపోయిన రాక్స్‌బర్గ్‌ను ఆ శ్మశానవాటికలోనే, భార్య తరఫువారి సమాధిలో ఖననం చేశారు. సామర్లకోట దగ్గర పుట్టి పెరిగిన ఒక పెద్దాయన ఆ రోజు మాతో ఉన్నారు. చెప్పులు విడిచి, చేతులు జోడించి నిలబడ్డారు. తర్వాత బెంచీ మీద కూర్చుని, తమ ఊరి కాలువ గట్టు మీద ఏయే చెట్లుండేవో మనవరాలికి వరసపెట్టి చెప్పారు. ఆ పిల్ల నోట్‌బుక్ తీసి రాసుకుంది.

రాజమండ్రి, కొవ్వూరు వైపు నుంచి వచ్చినవారికి, ఫోర్త్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న సౌత్ క్వీన్స్‌ఫెరీ చూపించకుండా పంపకండి. 1890 నాటి రైలు వంతెన, 1964 నాటి రోడ్డు వంతెన, 2017 నాటి కొత్త వంతెన, మూడు శతాబ్దాలవి మూడూ ఒకే గట్టు మీద నిలబడి చూడొచ్చు. గోదావరి వంతెనల కింద పెరిగినవాళ్లు స్తంభాలు లెక్కపెట్టకుండా కదలరు. గంటలకొద్దీ రైళ్లు చూస్తూ కూర్చున్నారు.

కొండల విషయానికొస్తే, ఆర్థర్స్ సీట్ 251 మీటర్లే అయినా పైన గాలి, జారే రాళ్లు ఉంటాయి. కుర్రవాళ్లకు వదిలేద్దాం. పెద్దలకు కాల్టన్ కొండ చాలు. కొద్ది మెట్లతోనే ఊరంతా, సముద్రమంతా కనిపిస్తుంది. పైన గ్రీకు గుడిలా నిలబడ్డ 12 స్తంభాల కట్టడం 1826లో మొదలై, డబ్బు చాలక 1829లో ఆగిపోయింది. మిగతాది ఎవరూ పూర్తి చేయలేదు, ఉన్నది కూల్చనూ లేదు. క్రామండ్ దీవికి మాత్రం సంఘం తరఫున ఎవరినీ తీసుకెళ్లలేదు. ఆటుపోట్ల వేళలు తప్పితే దారి మునిగిపోతుంది. లైఫ్‌బోట్ వచ్చి జనాన్ని తీసుకురావాల్సిన సందర్భాలు మళ్లీ మళ్లీ జరుగుతున్నాయి. సొంతంగా వెళ్లేవాళ్లు గట్టు మీద రాసిన వేళలు చూసుకునే అడుగు పెట్టండి.

ఎప్పుడు పిలవాలని చాలామంది అడుగుతున్నారు. మే, జూన్ నెలలు మంచివి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో నాలుగు కాకముందే చీకటి పడుతుంది, కొత్తగా వచ్చినవారికి అది దిగులు పుట్టిస్తుంది. ఆగస్టులో 1947 నుంచి నడుస్తున్న కళల పండుగలు ఉంటాయి. రాయల్ మైల్ మీద వీధి ప్రదర్శనలు ఉచితంగా చూడొచ్చు, కానీ రద్దీ అంటే టెన్షన్ పడేవారిని ఆ నెలలో పిలవకండి. హోటల్ గదుల రేట్లు కూడా చుక్కలంటుతాయి.

తిండి గురించి ఒక్క మాట. శాకాహార హాగిస్ (ఇక్కడి సంప్రదాయ మాంసం వంటకానికి మాంసం లేని రూపం) మన పెద్దలు చాలామంది ఇష్టంగా తిన్నారు. ఓట్స్, పప్పుగింజలు, మిరియాల ఘాటు ఉంటాయి కదా. పక్కన ఆవకాయ డబ్బా ఉంటే ఇంకేం కావాలి! బస్సుల విషయంలో, 60 దాటినవారికి, 22 లోపువారికి ఉచిత పాసులు ఇక్కడ నివసించేవారికే వర్తిస్తాయి. చూడటానికి వచ్చినవారు కార్డుతో చెల్లించాలి. ఒక్కసారి డబుల్ డెక్కర్ పైఅంతస్తు ముందు సీట్లో కూర్చోబెడితే వాళ్ల బెరుకంతా పోతుంది, మోకాళ్లు సహకరిస్తేనే సుమా.

వచ్చే ఏడాది రాక్స్‌బర్గ్ నడకను వసంతంలో మళ్లీ చేయాలని, మ్యూజియం కోసం పెద్దక్షరాల తెలుగు కాగితం ఒకటి తయారుచేయాలని కార్యవర్గం తీర్మానించింది. వారం మధ్యలో సెలవున్నవారు, షిఫ్టుల్లో పనిచేసేవారు తోడుగా రాగలిగితే ఆ రోజుల సంఖ్య పెంచగలం. మీ ఇంటికి ఈ వేసవిలో ఎవరెవరు వస్తున్నారో, వాళ్లు ఎంత దూరం నడవగలరో, మందులు వేసుకునే వేళలేమిటో సర్వసభ్య సమావేశం నాటికి రాసి ఇవ్వండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి