మా పండ్ల నిల్వ కేంద్రం: 1941 వేసవి జమా ఖర్చుల వివరణ

ఇంగ్లండ్‌లోని వూస్టర్‌షైర్‌లో మా గ్రామ విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ (మహిళా సంఘం) నడిపిన పండ్ల నిల్వ కేంద్రానికి, అంటే పండ్లు పాడుకాకుండా జామ్ చేసే చోటికి, ఈ వేసవిలో వచ్చిన సొమ్మెంతో, అది ఏయే పద్దుల కింద ఖర్చయిందో సభ్యులకూ, పండ్లిచ్చిన తోటలవారికీ, సీసాలిచ్చిన ఇళ్లవారికీ కమిటీ తెలియజేస్తున్నది. తూకానికీ డబ్బుకూ పేరు ఒకటే కనుక ఇక్కడ తూకాన్ని పౌన్లనీ, డబ్బును పౌండ్లనీ రాశాము. ఇరవై షిల్లింగులు ఒక పౌండు.

జామ్ అమ్మకం మీద 26 పౌండ్ల 8 షిల్లింగులు, వసంతంలో పెట్టిన పేకాట పోటీ రుసుముల మీద 3 పౌండ్ల 12 షిల్లింగులు, వెరసి 30 పౌండ్లు జమ అయ్యాయి. చక్కెరకు 8 పౌండ్లు, పండ్లకు 6 పౌండ్ల 5 షిల్లింగులు, మూతలకూ మైనపు కాగితాలకూ చాలని సీసాలకూ కలిపి 4 పౌండ్ల 10 షిల్లింగులు, కిరసనాయిలుకు 1 పౌండు 7 షిల్లింగులు, మొత్తం 20 పౌండ్ల 2 షిల్లింగులు ఖర్చు కాగా, 9 పౌండ్ల 18 షిల్లింగులు నిల్వ ఉన్నాయి. ఉడికించినవారికి కూలి లేదు. బడి వంటగదికి అద్దె లేదు.

డబ్బు కంటే చక్కెరకు లెక్క చెప్పడమే మాకు ముఖ్యం. యుద్ధం వల్ల 1940 జనవరి నుంచి చక్కెర, ఈ మార్చి నుంచి జామ్ కూడా రేషన్‌లోకి వచ్చిన రోజుల్లో, ఆహార మంత్రిత్వ శాఖ మనకు విడిగా చక్కెర ఇప్పించింది. ఆరు పౌన్ల చక్కెరకు పది పౌన్ల జామ్ దిగాలన్నది నియమం. ఆ ప్రకారం 480 పౌన్లకు 800 రావలసి ఉండగా, అమ్మకానికి వెళ్లినవి 792. తక్కువైన 8 పౌన్లు ఆగస్టులో అడుగంటి పారబోసిన పెర్షోర్ రకం ప్లమ్ పండ్ల జామ్. ఆ పూట పొయ్యి దగ్గర ఉన్నది ఈ లెక్క రాస్తున్న కోశాధికారిణే కనుక వేరొకరిని అనవలసిన పని లేదు.

తమ చెట్ల పండ్లే ఇచ్చి, తామే గరిటె తిప్పి, చివరికి అదే జామ్‌ను దుకాణంలో రేషన్ పుస్తకం చూపి కొనుక్కోవలసి రావడం కొందరికి కష్టంగా తోచింది. ఆ బాధ న్యాయమైనదే. అయినా ఒక్క సీసాను పక్కకు తీసినా చక్కెర లెక్క కుదరదు. అందువల్ల కమిటీ సభ్యులెవరూ తీసుకోలేదు.

నిల్వ సొమ్మును సైనికుల నిధికి పంపమని ఇద్దరు కోరారు. జామ్ అమ్ముడుపోక ముందే చక్కెరకు డబ్బు కట్టవలసి ఉంటుంది కనుక, దానిని వచ్చే వేసవికి అట్టే ఉంచాము. రసీదులు బడి వంటగదిలో ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు. చక్కెర లెక్క రాసే పుస్తకాన్ని మాత్రం ఇంటికి ఇవ్వలేము.