కండువా కప్పాక రాజీనామా ఎందుకట?

సంపాదకునికి,

అయ్యా,

పార్టీ ఫిరాయించిన ప్రజాప్రతినిధి సభ్యత్వం దానంతటదే రద్దయ్యేలా రాజ్యాంగం పదో షెడ్యూలును సవరిస్తామని 2024 ఏప్రిల్‌లో కాంగ్రెస్ తన ఎన్నికల ప్రణాళికలో రాసుకుంది. మంచి మాటే. కానీ అంతకుముందు నెలలోనే, తెలంగాణలో భారత్ రాష్ట్ర సమితి (భారాస) గుర్తుపై ఖైరతాబాద్‌లో గెలిచిన ఎమ్మెల్యే దానం నాగేందర్‌కు కండువా కప్పి, ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేయించకుండానే సికింద్రాబాద్ లోక్‌సభ బరిలో నిలిపింది!

ఇంకో వింత చూడండి. భారాస తరఫునే గెలిచిన శేరిలింగంపల్లి ఎమ్మెల్యే అరెకపూడి గాంధీ 2024 జులైలో ముఖ్యమంత్రి సమక్షంలో కాంగ్రెస్ గూటికి చేరారు. సెప్టెంబరులో ఆయనకు ప్రజాపద్దుల సంఘం అధ్యక్ష పదవి దక్కింది. ఆనవాయితీ ప్రకారం అది ప్రతిపక్షానిది. సర్కారు ఖర్చుల లెక్క అడగాల్సిన కుర్చీ అది. అడిగేదెవరు, చెప్పేదెవరు?

భారాస గుండెలు బాదుకోవడమూ చోద్యమే. తెదేపా టికెట్‌పై గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్‌ను 2014లో మంత్రిని చేసింది, 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలను విలీనం పేరిట కలిపేసుకుంది ఆ పార్టీయే. అప్పుడు ప్రజాస్వామ్యం ఖూనీ అయిందని గగ్గోలు పెట్టిన కాంగ్రెస్, ఏరు దాటాక బోడి మల్లన్న అంటోంది.

ఇలా ఫిరాయించిన ఎమ్మెల్యేలపై దాఖలైన అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు తెలంగాణ శాసనసభాపతికి గడువు పెట్టాల్సి వచ్చింది. ప్రణాళికలోని మాట నిలుపుకోవడానికి కాంగ్రెస్ చట్టసవరణ దాకా ఆగనక్కర్లేదు. తమవైపు వచ్చినవారి చేత రాజీనామాలు చేయించి, ఉపఎన్నికలకు వెళ్లవచ్చు.

– ఒక ఓటరు, హైదరాబాద్