తాలు చల్లి గడ్డి మొలవలేదంటే ఎలా?

సంపాదకులు గారికి,

అలంకరణ గడ్డిజాతుల గురించి తోటపని శీర్షికల్లో తరచూ కనిపించే సలహా ఒకటే: విత్తనం చల్లండి, నీళ్లు పోయండి. ఇది పచ్చిక బయలుకు సరిపోవచ్చు గానీ, ఏళ్ల తరబడి దుబ్బుగా నిలవాల్సిన గడ్డికి సరిపోదు. ఇక్కడ పొరపాట్లు చాలావరకు చల్లకముందే జరిగిపోతాయి.

మొదటిది రకం. 'కార్ల్ ఫోర్‌స్టర్' అనే కాలమగ్రోస్టిస్ గడ్డి గొడ్డు రకం, అంటే మొలిచే విత్తనం పట్టదు. దానికి దుబ్బు విడదీసి పిలకలు నాటడమే దారి, వట్టివేరుకూ నిమ్మగడ్డికీ చేసినట్టే. చారల ఆకుల మిస్కాంథస్ అనే గడ్డి విత్తనం మొలిచినా చాలా మొక్కలకు చారలు రావు. విత్తనంతో ధైర్యంగా మొదలుపెట్టదగ్గవి నీలి ఫెస్క్యూ, స్విచ్‌గ్రాస్, లిటిల్ బ్లూస్టెమ్. ఫెస్క్యూ నారులోనూ నీలం అన్నిటికీ ఒకేలా ఉండదు. కాస్త ఎక్కువ పోసి బాగా నీలంగా ఉన్నవి ఏరుకోవాలి.

రెండోది తాలు. కంకి నుంచి దూసిన గుప్పెడంతా విత్తనం కాదు, చాలావరకు ఉత్త పొట్టే. 20 తీసి ఒక్కొక్కటీ గోటితో నొక్కి చూడండి. 5 మాత్రమే గట్టిగా తగిలితే, పోయాల్సింది అనుకున్నదానికి నాలుగింతలు. ఈ రెండు నిమిషాల పని చేయకుండా విత్తనం మంచిది కాదనడం అన్యాయం.

స్విచ్‌గ్రాస్ కొత్త విత్తనం నిద్రావస్థలో ఉంటుంది. తడి ఇసుకలో కలిపి, సంచిలో కట్టి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర రెండు నుంచి నాలుగు వారాలు ఉంచితే నిద్ర వదులుతుంది. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు. ఫెస్క్యూకు ఇదేమీ అక్కర్లేదు, 15–20 డిగ్రీల చల్లదనం చాలు. స్విచ్‌గ్రాస్, బ్లూస్టెమ్ మాత్రం 20 దాటిన వెచ్చదనంలోనే చురుగ్గా మొలుస్తాయి.

నేరుగా మడిలో చల్లితే ఏది కలుపో ఏది నారో తెలియక రెండూ పీకేస్తాం, అందుకే ట్రేలోనే పోయాలి. రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పొట్టు), ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లని గుల్ల రాయి పలుకులు) లేదా ముతక ఇసుక కలపాలి. ఎరువు అప్పుడే వద్దు. గుంటకు ఆరేడు గింజలు వేసి వేలితో అదిమి, పైన 3 మిల్లీమీటర్లకు మించకుండా మట్టి కప్పాలి. మొలక రావడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. కూరగాయల నారులా ఒక్కటి ఉంచి మిగతావి తీసేయకండి. ఒంటి పోచ చాలాకాలం పీలగానే ఉంటుంది, గుంపుగా ఉన్నదే త్వరగా దుబ్బు కడుతుంది.

మొలకలు మట్టిని తాకే చోట సన్నబడి ఒరిగిపోతుంటే అది నారుకుళ్ళు తెగులు. పైమట్టి ఎప్పుడూ తడిగా ఉండి గాలి ఆడకపోతే వస్తుంది. ట్రేను నీళ్లలో పెట్టి అడుగు నుంచి పీల్చుకోనివ్వాలి, పైన కాస్త ఆరాకే మళ్లీ తడపాలి.

వేళ్లు మట్టిగడ్డను పట్టుకున్నాక నేలలో నాటవచ్చు. కుదురు మొదలు నేలమట్టానికే ఉండాలి, లోతుగా పూడిస్తే కుళ్లుతుంది. నత్రజని ఎక్కువ వేసినా, నీడ ఎక్కువైనా కాడలు నిలబడక పడిపోతాయి. మొదటి ఏడాది పూల కుచ్చులు రాకపోతే కంగారు వద్దు. అప్పుడు పని అంతా వేళ్లదే.

ఒక్క హెచ్చరిక కూడా అచ్చువేస్తే మేలు. పెనిసెటమ్ సెటేసియం అనే ఫౌంటెన్ గడ్డి తోటలు దాటి హవాయిలో బీళ్లను కమ్మేసి, కార్చిచ్చులకు మేత అయింది. విత్తనం పట్టే ఏ గడ్డికైనా కుచ్చులు ఎండి గాలికి రేగకముందే కోసేయాలి.

– ఒక తోటమాలి