ఓపీ రద్దీ ఎంతున్నా మంచం పక్కన పాఠం ఆగకూడదు

సంపాదకులకు నమస్కారం.

మెడికల్ కాలేజీల మీద వార్తలన్నీ సీట్లు, బిల్డింగులు, ఖాళీ పోస్టుల చుట్టూనే తిరుగుతున్నాయి. తెలంగాణలో 2022లో ఒకే రోజు ఎనిమిది, ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఐదు ప్రభుత్వ కాలేజీలు మొదలయ్యాయి, సంతోషమే, కానీ అక్కడ చేరిన పిల్లలు రోగి మంచం దగ్గర ఏం నేర్చుకుంటున్నారని అడిగేవాళ్లు లేరు. నేను ఒక ప్రభుత్వ పెద్దాసుపత్రిలో జనరల్ మెడిసిన్ పీజీని. రోజూ చూస్తున్నదే రాస్తున్నాను.

మా యూనిట్ ఓపీ రోజు వచ్చిందంటే అడ్మిషన్లు కూడా ఆ రోజే, వార్డులో నేల మీద కూడా పరుపులు పడతాయి. చీఫ్ రౌండ్స్ పరుగులా సాగుతాయి, వెనకాల గుంపుగా స్టూడెంట్స్, ముందు నిలబడ్డ ముగ్గురు నలుగురికి తప్ప ఎవరికీ ఏమీ వినపడదు. వైద్యవిద్య నిబంధనలు పెట్టే నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) క్లినికల్స్‌కి, అంటే వార్డుల్లో జరిగే పాఠాలకి, 80 శాతం హాజరు అడుగుతుంది, అది పడుతుంది. స్టూడెంట్ ఏం నేర్చుకున్నాడో రాసే లాగ్‌బుక్‌లో సంతకం కూడా పడుతుంది. కానీ చెయ్యి పెట్టి చూసింది ఎంతమంది?

ఉదాహరణకి మైట్రల్ స్టెనోసిస్ తీసుకోండి. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల గుండె కవాటం ఇరుకైపోయిన మనిషి, మన వార్డుల్లో ఇప్పటికీ కనిపిస్తారు. ఆ కవాటం దగ్గర పుట్టే అదనపు శబ్దం, అంటే మర్మర్, మామూలుగా పడుకోబెట్టి వింటే చాలాసార్లు దొరకదు. ఎడమ పక్కకి తిప్పాలి, స్టెతస్కోప్ బెల్‌ని (చిన్న గిన్నెలా ఉండే వైపుని) గుండె కొన దగ్గర తేలిగ్గా ఆనించాలి, గట్టిగా నొక్కితే ఆ మంద్రమైన శబ్దం పోతుంది, ఊపిరి వదిలి కాసేపు ఆపమనాలి. ఇది వీడియోలో చూస్తే వచ్చే విద్య కాదు. పక్కన ఒకరు నిలబడి "ఇక్కడ పెట్టు, ఇప్పుడు విను" అనాలి. స్ప్లీన్ (ప్లీహం) కూడా అంతే, కుడివైపు పొత్తికడుపు నుంచి నొక్కి చూడడం మొదలుపెట్టకపోతే బాగా పెరిగిన స్ప్లీన్ అంచు కూడా తప్పిపోతుంది, పుస్తకంలో చదివినవాళ్లే తప్పిపోనిస్తారు.

పిల్లల్ని తిట్టి లాభం లేదు. ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీ అంటే 200 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, అందులో రోగి ఉండడు. ఆ టెన్షన్‌లో హౌస్ సర్జన్లు (ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లు) కూడా వీలు దొరికితే రీడింగ్ రూమ్‌కే వెళ్తారు.

టైమ్ లేదన్న మాట నిజం, కానీ మొత్తం నిజం కాదు. 1992లో అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ డాక్టర్లు బిజీ క్లినిక్‌ల కోసమే "వన్ మినిట్ ప్రిసెప్టర్" (ఒక్క నిమిషం గురువు) అనే పద్ధతి రాశారు. స్టూడెంట్ కేసు చెప్పగానే మనం జవాబు చెప్పెయ్యకుండా నీకేమనిపిస్తోంది అని అడగాలి, ఎందుకలా అనిపించిందో చెప్పించాలి, ఆ కేసు నుంచి పనికొచ్చే ఒక్క సూత్రం చెప్పాలి, సరిగ్గా చేసింది మెచ్చుకోవాలి, తప్పు దిద్దాలి. ఐదే పనులు. నేను ఓపీలోనే చేస్తున్నాను, ఆయాసంతో వచ్చిన రోగి దగ్గర "ఇది గుండెదా, ఊపిరితిత్తులదా, ఎందుకు?" అని ఒక్క ప్రశ్న వేస్తే కుర్రాడు కాళ్ల వాపు చూస్తాడు, మెడ నరం చూస్తాడు, రాత్రి పడుకుంటే ఆయాసం పెరుగుతోందా అని తనే అడుగుతాడు.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. రోగి అనుమతి అడగకుండా పదిమంది పొట్ట నొక్కడం పాఠం కాదు. పేరు పెట్టి పలకరించాలి, కర్టెన్ వెయ్యాలి, ఆడవాళ్లని పరీక్షించేటప్పుడు పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలి, నొప్పిగా ఉందంటే చెయ్యి తీసెయ్యాలి, చివర్లో ఏం చూశామో రోగికి అర్థమయ్యేట్టు తెలుగులో చెప్పాలి. "నేర్చుకుంటున్నాం అమ్మా, చూడొచ్చా" అని అడిగితే కాదనేవాళ్లు చాలా తక్కువ.

సూపరింటెండెంట్లనీ, విభాగాల హెడ్‌లనీ (హెచ్‌ఓడీలనీ) నేను అడిగేది ఇంతే. యూనిట్‌కి ఓపీ లేని రోజుల్లో ఒక గంట మంచం పక్కన పాఠానికే పెట్టండి, ఆ గంటలో పాఠం చెప్పే డాక్టర్‌ని ఫైళ్లకీ, మీటింగులకీ పిలవకండి. ఒక్కో మంచం దగ్గర ఐదారుగురికి మించి స్టూడెంట్స్‌ని పెట్టకండి. బోధన మీద ఫ్యాకల్టీకి ఇచ్చే ట్రైనింగ్ పీజీలకి కూడా ఇవ్వండి, వార్డులో ఎక్కువ పాఠం చెప్తున్నది మేమే. ఫైనల్ ఇయర్ స్టూడెంట్స్‌ని కూడా ఒకసారి అడగండి, ఈ నెలలో ఎన్ని కేసులు వాళ్లే పరీక్షించి ప్రెజెంట్ చేశారో.

– ఒక జనరల్ మెడిసిన్ పీజీ డాక్టర్